సాంబ్రాణి

రంగు పొగలాగుంటుందని సాంబ్రాణని పేరు పెట్టా.
ఊళ్ళో ఆ మాటకి ఇంకో అర్థముంది,
కొన్ని రోజులు అదీ సరిపోయేది.
పదకొండేళ్ళు పెళ్ళికొడుకుల్ని మోసింది.
బాకా వినపడితే చాలు
ముందరికాళ్ళు వాటంతటవే లేస్తాయి.
ఆ కాళ్ళకిప్పుడు
ఊరుకోవడం నేర్పాలి.

కొత్తపట్నం పల్లెపాలెం వెనక
ఎండగట్టిన రొయ్యల గుంటలో
నలభై మీటర్లు ఇటు, ఇరవై అటు
వలతాడుతో కొలిచి సున్నం పోశా.
చుట్టూ పెయింటు డబ్బాలు, డబ్బాకో ఇంగ్లీషు అక్షరం.
ఏ పక్కన కే, కే పక్కన ఈ, ఈ పక్కన హెచ్.
ఇదేం వరసమ్మా అంటే
ఎవరికీ తెలీదంట మామా, అంది ఎస్తేరు.
బాగుంది.
నాకొక్కడికే తెలీదనుకున్నా ఇన్నాళ్ళూ.

ఎస్తేరుకి పదిహేడు. ఐసు లారీ డ్రైవరు కూతురు.
లద్దె ఎత్తడానికొచ్చి, ఓ మధ్యాన్నం
నేను కునుకు తీసేవేళ జీను లేకుండా ఎక్కి
సముద్రం దాకా పోయొచ్చిన పిల్ల.
చెయ్యి మాత్రం మోటు.
పగ్గం అట్టా పీకబాకే,
జెల్లచేపని పట్టినట్టు పట్టు.
నొక్కావా ముల్లు దిగుద్ది,
వదిలావా నీళ్ళల్లో పడుద్ది.
అప్పుడర్థమైంది. వాళ్ళమ్మ చేపలు కోసే మనిషి.

మూడు ఆటలంట పోటీ.
ముందు ఒద్దికగా నడవాలి,
తర్వాత అడ్డమొచ్చినవన్నీ దాటుకుంటా పరిగెత్తాలి,
ఆఖర్న కర్ర పడకుండా దూకాలి.
మా ఇంటిది విని
కాపురమంటే అదేగా, అంది.

తుఫానుకి కూలిన సరుగుడు మానుల్ని
కోయొద్దని తోట కావలాయన్ని బతిమాలా.
వాటిమీద పిల్లిలా ఎగిరింది గానీ
నీళ్ళ దగ్గర మొరాయించింది.
మోకాల్లోతు గుంట.
మూడు రోజులు
అంచుదాకా పోవడం, ముక్కు ఎగబీల్చడం, వెనక్కి తిరగడం.
బడ్డీకొట్టు దగ్గర నవ్వుకున్నారు:
గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతన్నాడు ఖాజావలి.
నాలుగోరోజు లుంగీ ఎగ్గట్టి నేనే దిగా,
చొక్కా జేబులో ఉలవగుగ్గిళ్ళు.
కొట్టలా, అరవలా.
వీపు తిప్పి నిలబడ్డా.
చాలాసేపటికి
నా మెడమీద వెచ్చని ఊపిరి.

ఇంకొక్కటే మిగిలింది.
పోటీ మైదానంలో మైకులుంటాయి, పాటలుంటాయి.
ఒంగోలు పోయి బాండు రోశయ్యని పిలుచుకొచ్చా,
దీని ముందు పదకొండేళ్ళు బాకా ఊదినోణ్ణి.
సున్నపు గీత పక్కన నిలబడి ఊదాడు,
ఆ పాత ఊరేగింపు దరువే.
సాంబ్రాణి ఒళ్ళంతా జలదరించింది,
ఒక్కసారిగా వెయ్యి ఈగలు వాలినట్టు.
కుడికాలు లేచింది.
ఎస్తేరు పీకలా, తన్నలా,
ఊపిరి వదిలింది, అంతే.
లేచిన కాలు గాల్లో కాసేపు ఆలోచించి
మెల్లిగా నేలమీదికొచ్చింది.
రోశయ్య బాకా దించాడు.
మనల్ని మర్చిపోయిందయ్యా, అన్నాడు.
లేదు రోశయ్యా.
చెవి చూడు. నీ వైపే ఉంది.

బయల్దేరే రాత్రి జూలుకి జడలల్లింది పిల్ల,
తన జుట్టు చిక్కు తీసుకోకుండా.
లాడాలు కొత్తవి. హెల్మెట్టు అరువుది.
వాళ్ళ నాన్న లారీ ఎంత కడిగినా
రొయ్యల నీచు పోలా.
గడ్డి పరిచి,
సాంబ్రాణికే సాంబ్రాణి పొగేశాం.

సింగరాయకొండ దాటి తెట్టు దగ్గర
రోడ్డుకడ్డంగా పెళ్ళి ఊరేగింపు.
లారీ ఆగింది. బాండు మోగింది.
వెనక చెక్కలమీద
టక్కు టక్కున, తాళం తప్పకుండా.
ఎస్తేరు గాభరాగా డోరు తీసి దిగబోయింది.
కూర్చో, అన్నా.
ఆడనీ.
ఇక్కడ మార్కులేసేవాళ్ళెవరూ లేరు.